మా ఇంట్లో డాక్టర్ హెలెన్

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి సీజన్ వచ్చి పడింది. నాది టమోటా, నా భార్య సుప్రజది ఇంగ్లీషు వ్యాసాలు. నేను మదనపల్లెలో, నీరుగట్టువారిపల్లె మార్కెట్లో ఒక మండీ గుమాస్తాని. ఏప్రిల్లో బాక్సులు దిగడం మొదలైతే తిన్న అన్నం ఏ కూరతో తిన్నానో కూడా గుర్తుండదు. సుప్రజ సీటీఎం రోడ్డులో ఒక మందుల షాపు పైనున్న ఆఫీసులో పని చేసేది. ఆ ఆఫీసుకి ఇంగ్లీషులో పెద్ద పేరే ఉంది కానీ, మా ఇంట్లో మాత్రం దాన్ని రాతాఫీసు అనేవాళ్లం. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో చదువుకునేవాళ్లు తమ కాలేజీలో ఇచ్చిన వ్యాసాలు రాసుకోలేక, తీరిక లేక, ఇంటర్నెట్లో డబ్బు కట్టి రాయించుకుంటారు. అక్కడ చదువులు ముగింపుకొచ్చే రోజులకి ఇక్కడ మా ఆవిడ వేళ్లు వాచిపోయేవి.

రాసేది మదనపల్లెలో కూర్చున్న పదిమంది ఆడపిల్లలని ఆ కొనేవాళ్లకు తెలియదు. తెలియకుండా ఉండడానికి ఆఫీసు పడాల్సిన పాట్లన్నీ పడింది. వెబ్‌సైట్లో సుప్రజ పేరు డాక్టర్ హెలెన్. తెల్లజుట్టు, కళ్లజోడు, వెనకాల పుస్తకాల బీరువా ఉన్న ఒక దొరసాని ఫోటో పెట్టారు. లండన్లో డాక్టరేటు చేసిందట, ఇరవయ్యేళ్ల అనుభవమట. మా సుప్రజ చదివింది కుప్పంలో ఎమ్మే. ఫోటో కింద కస్టమర్లు మెచ్చుకున్న మాటలు బారెడు ఉండేవి. శనివారం మధ్యాహ్నం పని తక్కువగా ఉన్నప్పుడు ఆ పిల్లలే ఒకరి గురించి ఒకరు రాసుకున్న మాటలవి.

"ఏం హెలెనమ్మా, రోంత కాఫీ పోస్తావా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"లండన్లో మొగోళ్లే కాసుకుంటారంట. పోయి కాసుకో," అనేది.

నవ్వేవాళ్లం గానీ, ఆ నవ్వులో ఆమెకు పెద్దగా ఓపిక ఉండేది కాదు. ఒకరోజు అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగింది.

"మీ మండీలో బాక్సు పైన మంచి కాయలు పేర్చి, అడుగున మెత్తకాయలు పెడతారు గదా?"

"పెడతారు. కొనేటోడు ఒక బాక్సు కింద కుమ్మరించి సూస్తాడు. కుమ్మరిస్తాడని పెట్టేటోడికీ తెల్సు. అంతా ఒక ఆట."

"మా కాడ కుమ్మరించే దోవే లేదు," అంది. తర్వాత మజ్జిగ పోసుకుని లేచిపోయింది. ఆ మాట మీద నేనేమీ ఆలోచించలేదు. ఆ రోజుల్లో నాకు ఆలోచించే తీరికా లేదు.

ఇంట్లో మూడో మనిషి మా నాయన అంజినప్ప. కురబలకోటలో గొర్రెలు మేపి, కూలికి పోయి నన్ను చదివించిన మనిషి. చలికాలంలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. కాసేపు ఓపిగ్గా వింటే అర్థమయ్యేది. పదిహేను రోజులకొకసారి కుప్పం ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడి డాక్టరు చేతి చలవో ఏమో, కుడిచేత్తో గ్లాసు పట్టుకునే దాకా వచ్చాడు. బస్సులో కూర్చోలేడు కాబట్టి కారు మాట్లాడుకోవాలి. నా జీతం ఇంటికి, సుప్రజ జీతం కారుకీ మందులకీ అని మేమెవరమూ అనుకోకుండానే అలా సర్దుకుంది.

నాయన్ని ఊరినుంచి తెచ్చిన కొత్తలో మంచం ఫ్యాను కిందికి వచ్చేలా వేశాం. ఆయన రాత్రీ పగలూ కదులుతూనే ఉండేవాడు, కన్ను మూసేవాడు కాదు. మందు పడలేదేమో అనుకున్నాన్నేను. సుప్రజ పక్కన కూర్చుని అడిగింది.

"ఏం మామా, యాడ నొప్పి?"

"నొప్పి కాదమ్మా. ఉత్తరానికి తల పెట్టి పండబెట్నారు. పుట్నప్పటి నుంచి నేనట్ల పండుకోలేదు."

ఆమె ఒక్కతే మంచం కోళ్లు ఈడ్చి తూర్పుకి తిప్పింది. ఫ్యాను గాలి కాళ్లకే తగిలేది. అయినా ఆయన ఆ మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయాడు.

ఏప్రిల్ చివర్లో రాతాఫీసులో ఒక కొత్త చిక్కు వచ్చింది. దాని ఓనరు ఉదయ్ కిరణ్ అంగళ్లులో ఇంజనీరింగు చదివిన కుర్రాడు. మంచివాడే. పండక్కి స్వీట్లు పంచేవాడు, ఎవరికి ఒంట్లో బాగోకపోయినా స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపేవాడు. ఇప్పుడు వ్యాసాలు మిషన్లే రాసేస్తున్నాయని, కస్టమర్లు తగ్గిపోతున్నారని దిగులు పెట్టుకున్నాడు.

"మనిషి రాసినట్టుండాలనే వాళ్లే మన కాడికి వస్తాండారక్కా. ఊరికే పుస్తకం మాటలు కుదరవు. సొంత అనుభవం మాదిరి ఉండాల," అని సుప్రజకి చెప్పాడట.

అప్పుడే గ్రేస్ అనే ఆమె పని వచ్చింది. జింబాబ్వే నుంచి ఇంగ్లండు పోయి, ముసలివాళ్ల ఆశ్రమంలో పని చేసుకుంటూ నర్సు చదువు చదువుతోంది. ట్రైనింగులో భాగంగా ఆసుపత్రి వార్డులో నువ్వు చూసుకున్న ఒక రోగి గురించి రాయి, ఆ రోగి దగ్గర నువ్వేం నేర్చుకున్నావో రాయి అని ఆమెకిచ్చారు. రెండు పనుల మధ్య ఆమెకు కూర్చుని రాసే ఓపిక లేదు. డాక్టర్ హెలెన్‌ని నమ్మింది.

ఆ వారం సుప్రజ మా నాయన మంచం పక్కనే ఎక్కువగా కూర్చుంది. ఏవేవో అడిగేది. నేను మార్కెట్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ వినేవాణ్ణి.

"మామా, తిప్పి పండబెట్టేటప్పుడు ఎట్లుంటాది?"

"ఎట్లుంటాది... సెప్పకుండా తిప్పుతారమ్మా. మూట మాదిరి. 'తిప్పుతాండాం నాయనా' అని ఒక్క మాటంటే సాలు. ఒళ్లు తయారుగా ఉంటాది."

"గడ్డం గీసేటప్పుడు?"

"మురళి గీస్తే తొందర తొందరగా గీస్తాడు. నువ్వు గీస్తే అద్దం సూపిస్తావు."

ఆ మురళి నేనే. కొంచెం సిగ్గేసింది, సుప్రజ మీద గర్వమూ కలిగింది. ఏ ఇంట్లో మామని ఇంత విచారిస్తారు అనుకున్నాను. నాయన కూడా అలాగే అనుకున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన మొహంలో కాస్త వెలుగు చూశాను.

వ్యాసం పోయింది. గ్రేస్‌కి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ఉదయ్ కిరణ్ ఆఫీసులో మైసూరు పాకు పంచాడు. సుప్రజ నా వాటా కాగితంలో చుట్టి తెచ్చింది. ఆ మార్కులే కొంప ముంచాయి. ఇంత బాగుంది కదా, వచ్చే ఏడాది పిల్లలకి చూపిద్దామని అక్కడి టీచరమ్మ దాన్ని మళ్లీ నిదానంగా చదివింది.

మే నెల మధ్యలో, మధ్యాహ్నం మండీలో వేలం నడుస్తుండగా సుప్రజ ఆటోలో వచ్చింది. ఎప్పుడూ అలా రాదు. నాయనకేమైనా అయిందేమోనని పుస్తకం పక్కన పెట్టి ఎదురుపోయాను.

"మామకేం కాలేదు. ఈడికి రా," అని బాక్సుల వెనక నీడలోకి పిలిచింది. ఫోన్ తీసి చదివి, తెలుగులో చెప్పింది. గ్రేస్ నుంచి డాక్టర్ హెలెన్‌కి వచ్చిన మెసేజీ అది.

వ్యాసంలో మంచం సంగతి ఉంది. రోగి ఒక దిక్కుకి తల పెట్టి పడుకోలేనన్నాడని, నేనే మంచం తిప్పి వేశానని, ఆ రాత్రి ఆయన నిద్రపోయాడని. సుప్రజ ఇంగ్లండు వార్డు ఎప్పుడూ చూడలేదు. మన దగ్గర ఆసుపత్రిలో మంచం ఎటు కావాలంటే అటు ఈడ్చుకుంటాం. అక్కడ మంచం తలవైపు గోడలోనే ఆక్సిజన్ గొట్టం, నర్సుని పిలిచే గంట ఉంటాయట. మంచం తిప్పితే అవి రోగికి అందవు. 'ఎవరికి చెప్పి తిప్పావు? గంట అందక ఆయనకేమన్నా అయితే? కేసు షీటులో ఎందుకు రాయలేదు?' అని టీచరమ్మ నిలదీసింది. రోగి ప్రాణం మీదికి తెచ్చిందని విచారణ పెట్టారు. అది రుజువైతే గ్రేస్ ఇక ఎక్కడా నర్సు కాలేదు.

"కొనుక్కుని రాయించినానని ఒప్పుకుంటే?" అన్నాను.

"ఒప్పుకునింది. నమ్మడం లేదంట. తప్పించుకోడానికి ఇప్పుడు అబద్ధం చెప్తాండావు, ఇంత బాగా కళ్లారా సూసినట్టు ఎవురో ఎట్ల రాస్తారు అంటాండారంట. 'ఈ ముసలాయన ఎవరు, నిజంగా ఉన్నాడా, ఒక్క మాట చెప్పండి డాక్టర్' అని అడిగింది."

"మీ ఓనరేమన్నాడు?"

"బదులు పెట్టొద్దన్నాడు. ఆయమ్మ అకౌంటు తీసేస్తామన్నాడు."

వెనక ఎవరో నా పేరు పెట్టి కేకేశారు. లారీ కదలాలి. నేను పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఉదయ్ కిరణ్ మా ఇంటికి వచ్చాడు. చేతిలో నాయనకి దానిమ్మకాయలు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు ఆయమ్మకి నీ సొంత నంబరు ఇచ్చినావంట."

"ఇచ్చినా."

"అసలు పేరు గూడా చెప్పినావా?"

"చెప్పినా. ఊరు గూడా. విచారణలో ఫోన్లో కనపడి చెప్పమనింది. ఆ మంచం ఈడిది, ఆ వార్డుది కాదని."

అతను కోప్పడలేదు. కోప్పడితే ఆమెకి తేలికయ్యేదేమో.

"అది బయటికి పోతే సైటంతా అబద్ధమని తెలిసిపోతాది. పదిమంది పిల్లలక్కా. వాణి వాళ్లింట్లో సంపాదన ఆమెది ఒక్కటే. నీకు తెల్సు."

"తెల్సు."

"ఆయమ్మ మాత్రం సుద్దపూసా? డబ్బిచ్చి కొనింది గదా."

"కొనింది. కొన్నదానికి ఆమె ఒప్పుకునింది. మంచం తిప్పింది ఆమె కాదు గదా ఉదయ్. ఆ పాపం నాది. నేను తిప్పిన మంచానికి ఆమె బతుకు పోవాల్నా?"

అతను నా వైపు చూశాడు. "నువ్వన్నా చెప్పన్నా."

నేను చెప్పాను. "గమ్మునుండు సుప్రజా," అన్నాను. "ఆడ యాడో ఉండే మనిషి. ఈడ నాయన ఉండాడు, పదిమంది పిల్లలుండారు. ఎవుర్ని సూస్తావు నువ్వు?" ఇప్పటికీ ఆ మాట తప్పని నేననుకోను. ఇల్లు గడవాలి, కారు రావాలి. సీజన్ ఎంత బాగున్నా గుమాస్తాకి మిగిలేదేముంది? అలసిపోయిన మనిషి తన గడప దాటి ఆలోచించలేడు. నేనా రోజు బాగా అలసిపోయి ఉన్నాను.

ఉదయ్ కిరణ్ లేచి, నాయన మంచం దగ్గరికి పోయి, "బాగుండావా తాతా?" అని పలకరించి వెళ్లాడు. దానిమ్మకాయలు బల్ల మీదే ఉండిపోయాయి.

నాకు తట్టనిది ఒకటుంది. ఈ మాటలన్నీ నాయన విన్నాడు. కాళ్లూ చేతులూ పడిపోతే చెవులు పడిపోయినట్టు కాదు కదా.

"సుప్రజా," అని పిలిచాడు. ఆమె పోయి నిలబడింది.

"మంచం అంటాండారు. ఏ మంచం?"

ఆమె కింద కూర్చుంది. దాచకుండా అంతా చెప్పింది. నువ్వు చెప్పిన మాటలన్నీ ఇంగ్లీషులో రాసినాను మామా, అవి వేరే ఒకామెకి అమ్మినాం, ఆమె తన మాటలని చెప్పుకుంది, నువ్వు ఆ ఊళ్లో రోగివని రాసినాను అని. నాయన ఎడమచెయ్యి దుప్పటి అంచుని పట్టుకుని వదులుతోంది.

"దానికోసరం అడిగినావా అవన్నీ?"

సుప్రజ తల దించుకుంది. "దానికోసరమే మొదలుపెట్నాను మామా."

"నాకొక మాట సెప్పింటే... ఇంకా బాగా సెప్పుండేవాణ్ణి గదమ్మా," అన్నాడు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజు ఆమె చేత్తో గంజి తాగలేదు. నేను పట్టిస్తే తాగాడు. సుప్రజ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆమె ఏడవడం మా పెళ్లయ్యాక నేను చూసింది అదే మొదటిసారి. నాకు ఇద్దరి మీదా కోపమొచ్చింది, ఇద్దరి మీదా జాలేసింది. ఏం చెయ్యాలో తోచక దానిమ్మకాయ వలుస్తూ కూర్చున్నాను.

విచారణ పెట్టిన రోజే మా కుప్పం ప్రయాణం పడింది. వాళ్లకి పొద్దున, మనకి మధ్యాహ్నం. ఆ టైముకి ఇల్లు చేరతామనుకున్నాం. ఆసుపత్రిలో జనం ఎక్కువై ఆలస్యమైంది. పలమనేరు దాటేసరికే సుప్రజ ఫోన్ వైపు చూసుకోవడం మొదలుపెట్టింది. పుంగనూరులో మా అక్క యశోదమ్మ ఇల్లుంది. ప్రతిసారీ అక్కడ ఆగి నాయనకి కాస్త నడుం వాల్చే వీలు చేసి బయల్దేరేవాళ్లం.

"ఆడే మాట్లాడతా," అంది సుప్రజ.

"మాట్లాడేదే ఖాయమా?" అన్నాను.

"ఖాయమే," అంది. కారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. నాకు వాదించే ఓపిక లేదు. నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రో మెలకువో తెలియలేదు.

అక్క అప్పటికే రాగిసంగటి గెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టుకుని ఉంది. నాయన్ని నేనూ డ్రైవరూ ఎత్తి వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టాం. సుప్రజ మొహం కడుక్కుని, చీర సర్దుకుని, నీళ్లబిందెకి ఫోన్ ఆనించి దాని ఎదురుగా చాప మీద కూర్చుంది. అక్క నా చెవిలో, "ఎవురప్పా వాళ్లు? ఉద్యోగానికా?" అంది. "ఉద్యోగం పోవడానికి," అన్నాను.

ఫోన్లో ముగ్గురు కనిపించారు. ఒక తెల్లామె, ఒక తెల్లాయన, ఒక మూలగా నల్లటి సన్నటి మనిషి. ఆమే గ్రేస్. నాకొచ్చిన ఇంగ్లీషు లారీల వాళ్లతో బేరాలకి సరిపోతుంది గానీ ఇలాంటి వాటికి చాలదు. అయినా సుప్రజ మొదటి మాట అర్థమైంది. 'నా పేరు సుప్రజ, హెలెన్ అనే మనిషే లేదు' అంది. తర్వాత మదనపల్లె అంది, మా మామ అంజినప్ప అంది. ఆమె ఎమ్మే ఇంగ్లీషు కూడా అక్కడక్కడ తడబడింది. గ్రేస్ తల వంచుకునే ఉంది.

తెల్లాయన ఏదో అడిగాడు. సుప్రజ వెనక్కి తిరిగి నాయన వైపు చూసింది, మళ్లీ ఫోన్ వైపు తిరిగింది. ఏదో వద్దంటున్నట్టు చెప్పింది.

"ఏమంటాండారు?" అన్నాడు నాయన మంచం మీంచి.

"ఆ పెద్దాయన నిజంగా ఉండాడా అంటాండారు మామా. నువ్వు కనపడాల్సిన పనిలేదు. నేనే చెప్తాను."

"నన్ను సూపియ్యి."

సుప్రజ కదల్లేదు. నాయన మళ్లీ అన్నాడు. "సూపియ్యమ్మా. ఈసారి సెప్పే సూపిస్తాండావు గదా."

నేనే ఫోన్ తీసుకుని ఆయన మొహం ముందు పట్టుకున్నాను. నాయన ఆ ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా చూశాడు. గొర్రెల సంతలో బేరగాళ్లని అలాగే చూసేవాడు. ముద్దమాటతోనే నిదానంగా చెప్పాడు.

"మంచం తిప్పింది ఈ పాప. ఆ పాప కాదు. నాకు నిద్ర రాలేదని తిప్పింది. అంతే."

సుప్రజ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. చెప్తుంటే ఆమె కళ్లవెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. అవతల గ్రేస్ తలెత్తి నాయన్ని చూసింది. తెల్లామె ఏదో రాసుకుంది. అక్క వంటింటి గడపలోంచి, "సంగటి సల్లారిపోతాది, ఇంగా ఎంతసేపు?" అంది.

ఫోన్ పెట్టేశాక సుప్రజ నాయనకి సంగటి ముద్ద చిన్న చిన్న ఉండలు చేసి తినిపించింది. ఆయన తిన్నాడు.

ఆ తర్వాత జరిగినవి చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. ఉదయ్ కిరణ్ ఫోన్ చేసి, రావద్దు అక్కా అన్నాడు. సుప్రజ ఆఫీసు తాళంచెవి ఒక పిల్ల చేత పంపించింది. రాతాఫీసు వారం రోజులు మూసి ఉంది. పిల్లలంతా ఇళ్లలో కూర్చున్నారు. వారం తర్వాత వేరే పేరుతో తెరిచారు. డాక్టర్ హెలెన్ ఫోటో అదే, కళ్లజోడు అదే. ఇప్పుడు ఆ ఫోటో వెనక రాసేది వాణి. ఒకరోజు బెంగళూరు బస్టాండు దగ్గర వాణి ఎదురైంది. సుప్రజ పలకరిస్తే పలకకుండా రోడ్డు దాటి పోయింది. ఆ పిల్లది తప్పని కూడా అనలేం.

గ్రేస్ మీద పెద్ద నేరం తీసేశారు. వ్యాసం కొన్నందుకు ఒక ఏడాది మళ్లీ చదవమన్నారు, ముందుగా ఆ వ్యాసం తనే మళ్లీ రాసియ్యమన్నారు. ఆమె మొదట రాసిన మెసేజీలో థాంక్స్ లాంటివేమీ లేవు. 'నువ్వు నాతో అబద్ధం ఆడావు, నేను వాళ్లతో అబద్ధం ఆడాను, నాకు బాగా అలసటగా ఉంది' అని రాసింది. సుప్రజ దాన్ని నాకు చదివి వినిపించి, "నాకూ అంతే," అంది.

సుప్రజ అంగళ్లు దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చేరింది. అక్కడ జీతం చిన్నది, అరుపులు పెద్దవి. కుప్పం ప్రయాణం నెలకొకసారికి తగ్గింది. నాయన కుడిచెయ్యి గ్లాసు పట్టుకోవడం దగ్గరే ఆగిపోయింది. నేను ఇంకో మండీలో కూడా పని ఒప్పుకున్నాను. వానలు పడి టమోటా ధర పడిపోయింది, రైతులు బాక్సులు తిరిగి తీసుకుపోవడానికి కూడా మనసొప్పక రోడ్డు పక్కన పారబోసి పోతున్నారు. నేను చెప్పినట్టు గమ్మున ఉండుంటే ఎలా ఉండేదో అని నాకు రోజూ అనిపించేది. ఒకటి రెండుసార్లు పైకి కూడా అన్నాను. సుప్రజ వింటూ స్కూలు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునేది.

ఆగస్టులో ఒక ఆదివారం, ముసురు పట్టిన మధ్యాహ్నం, సుప్రజ ఫోన్‌కి గ్రేస్ ఒక వ్యాసం పంపింది. మళ్లీ రాయమన్న వ్యాసం అది. ఈసారి తనే రాసింది. పాసు మార్కులొచ్చాయట, అంతే. అయినా పంపాలనిపించిందట.

సుప్రజ నాయన మంచం పక్కన కూర్చుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. మధ్యమధ్య ఆగి నొసలు చిట్లించేది. తప్పులున్నాయట. "దిద్దాలని చెయ్యి పీకుతాండాది," అంది. దిద్దలేదు.

అందులో ఉన్నది ఇంగ్లండులో బస్సు నడిపి రిటైరైన ఒక ముసలాయన. పెళ్లాం చచ్చిపోయింది. వార్డులో ఎవరితోనూ మాట్లాడడు. గ్రేస్ ఆయన గడ్డం గీసేటప్పుడు ముందుగా చెప్పి గీసిందట. మొదటిరోజు ఆయనేమీ అనలేదు. రెండోరోజు గీయబోతుంటే, తను నడిపిన రూటులో స్టాపుల పేర్లు వరుసగా చెప్పాడట. అంతే వ్యాసం. నాకు అందులో గొప్ప ఏమీ కనిపించలేదు గానీ, వింటూ కూర్చున్నాను.

"ఆయప్ప పేరేంది?" అన్నాడు నాయన.

సుప్రజ కొంచెం తటపటాయించింది. "ఆడ రోగి అసలు పేరు రాయకూడదంట మామా. ఏదో ఒక పేరు పెట్టి రాయాలంట. గ్రేస్ ఆయనకి అంజినప్ప అని పెట్టింది."

నేను పకపకా నవ్వాను. ఇంగ్లండు బస్సు డ్రైవరు అంజినప్ప! చాన్నాళ్లకి మా ఇంట్లో అలాంటి నవ్వు వచ్చింది. సుప్రజ కూడా నవ్వింది. నాయన నవ్వలేదు. పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"ఆయప్పకి సెప్పినారంటనా?" అన్నాడు.

"ఏమని మామా?"

"ఇట్ల నీ సంగతి రాస్తాండామప్పా అని. నీకు ఇంగొకడి పేరు పెట్నామని. ఆయప్పని అడిగే రాసినారా?"

సుప్రజ నా వైపు చూసింది. నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, నాయన అడిగిన మాటే గ్రేస్‌కి ఇంగ్లీషులో టైపు చేసింది. పంపకుండా, రాసిందంతా ఒక్కో మాటే తెలుగులో నాయనకి చదివి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని ఆఖరి దాకా విన్నాడు.

"ఊఁ. పంపు," అన్నాడు.